ఇత్తడి తోమడమంటే మెరిపించడం కాదు

ఇత్తడి పాత్ర శుభ్రమైందో లేదో మనం మెరుపును బట్టే తేల్చేస్తున్నాం. దసరా వస్తోందంటే కొట్లలో వరసగా కనిపించే పొడులూ ద్రావకాలూ అమ్మేది కూడా ఆ మెరుపునే. కృష్ణా డెల్టా ఇళ్ళలో తరతరాలుగా నడిచిన పద్ధతి చూసింది మాత్రం వేరు. పైన పట్టిన చిలుమును తీయాలి, దాని కింది లోహం అరగకూడదు, మళ్ళీ త్వరగా చిలుము పట్టకూడదు. బూడిదతో జిడ్డు వదిలించి, చింతపండుతో చిలుము కరిగించి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే పొడిబట్టతో తుడిచి, వంటపాత్రయితే లోపల కళాయి పూయించడం అందుకే ఆ వరసలో వచ్చింది. ఆ వరసే ఈ సంప్రదాయంలో నిలుపుకోదగ్గ విద్య అని నా వాదన.

ముందు బూడిద ఎందుకంటే, జిడ్డు ఉన్నచోట పులుపు లోహాన్ని తాకదు. కట్టెల బూడిదలోని క్షారం నూనెను సబ్బులా మార్చి లేపేస్తుంది. ఆ తర్వాత చింతపండు. దాని గుజ్జులో దాదాపు పదో వంతు టార్టారిక్ ఆమ్లమే. రాగి, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. గాలి సోకి వాటి మీద ఏర్పడిన నల్లటి, పచ్చటి పొరలను ఈ ఆమ్లం కరిగిస్తుంది, కిందనున్న లోహాన్ని దాదాపు అలాగే వదిలేస్తుంది. నానబెట్టిన చింతపండు పట్టించి పది నిమిషాలు ఊరుకుంటే నలుపంతా గోధుమరంగు నీరై జారిపోవడం కంటికి కనిపిస్తుంది, అరచేతి బలం పెద్దగా అక్కర్లేదు. పని తొందరగా కావాలని బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తే జరిగేది ఇంకొకటి. పసుపు పోయి పాత్ర గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. తుత్తునాగం ముందుగా కరిగిపోయి రాగి మిగిలినా, కరిగిన రాగి మళ్ళీ పైన పేరుకున్నా ఆ రంగే వస్తుంది. రెండింటిలో ఏది జరిగినా లోహం దెబ్బతిన్నట్టే. పేల్చిన తూటాల ఇత్తడి తొడుగులను శుభ్రం చేసి మళ్ళీ మందు నింపుకునే దేశాల్లోనూ ఇదే అనుభవం. ఆ తొడుగుల్లో నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం. వాటిని నిమ్మ ఉప్పు నీళ్ళలో కాసేపు ఉంచి తీస్తారు. పులుపులో ఎక్కువసేపు వదిలేసిన తొడుగు ఎర్రబడితే దాన్ని నమ్మరు. ఇక ఇటుకపొడి సంగతి. అడుగున మాడిన మసికి అది సరే కానీ, చెక్కుడు పనితనమున్న దీపపు సెమ్మెలకు వాడితే ఏళ్ళు గడిచేసరికి ఆ చెక్కుడు అరిగిపోతుంది. పాతవాళ్ళు చేశారు కాబట్టి అదీ మంచిదేనని సమర్థించనక్కర్లేదు.

కడగడం, తుడవడం చిన్న పనుల్లా కనిపిస్తాయి గానీ డెల్టాలో సగం పాత్రలు పాడయ్యేది అక్కడే. బందరు, నాగాయలంక వైపు గాలిలోనే ఉప్పుంది, చాలాచోట్ల భూగర్భ జలమూ ఉప్పే. అలాంటి నీళ్ళు పాత్ర మీదే ఆరితే మర్నాటికల్లా చుక్కలు చుక్కలుగా చిలుము లేస్తుంది. ఇత్తడికి ఇంకో శత్రువు అమ్మోనియా. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వర్షాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ చేసిన తూటా తొడుగులు పేల్చకుండానే పగుళ్ళిచ్చాయి. తయారీలో సాగదీసినప్పుడు లోహంలో మిగిలిన బిగువుకు గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడవడమే కారణమని 1921లో శాస్త్రవేత్తలు వివరించారు. రేకు కొట్టి బిందె చేసే పనివాడు మధ్యమధ్యలో దాన్ని కాల్చి మెత్తబరిచేది ఆ బిగువు వదలడానికే. కొట్టంలో, ఎరువుల బస్తాల పక్కన ఇత్తడి దాచకూడదనడానికి ఇంతకంటే రుజువు వేరే అక్కర్లేదు.

కళాయి ఈ విద్యకు తలమానికం. పులుసు, పెరుగు, చింతపండు పడ్డ ఏ వంటయినా ఉత్త ఇత్తడిలో నిలవుంటే రాగి కరిగి చిలుమెక్కుతుంది. అందుకే లోపల తగరం పూత. కళాయి వేసే మనిషి తిత్తితో బొగ్గు రాజేసి, పటకారుతో పాత్రను తిప్పుతూ సమంగా కాలుస్తాడు. నవాసారం పొడి చల్లగానే తెల్లటి పొగ లేస్తుంది. వేడికి నవాసారం విడిపోయి పుట్టిన ఆమ్లం మిగిలిన చిలుమును తినేస్తోందన్నమాట. ఆ క్షణంలోనే తగరపు కడ్డీ తాకించాలి. 232 డిగ్రీలకు కరిగే తగరం, నిజంగా శుభ్రమైన చోటే పాకుతుంది. దూదితో ఒక్క తుడుపు తుడిస్తే అడుగంతా వెండిరంగు పరుచుకుంటుంది. ఎక్కడైనా జిడ్డో చిలుమో మిగిలిందా, అక్కడ పూత అంటదు, మచ్చ తేలుతుంది. అంతకు ముందు తోమినవాళ్ళ పని ఎలాంటిదో అప్పుడు దాచినా దాగదు.

ఇంత శ్రమ దేనికి, స్టీలు లేదా అనే ప్రశ్న న్యాయమైనదే. రోజువారీ కంచాలకు, డబ్బాలకు స్టీలే మేలు. అయితే స్టీలు కంటే ఇత్తడి వేడిని ఏడెనిమిది రెట్లు బాగా పాకిస్తుంది. పప్పు, పరమాన్నం అడుగంటకుండా ఉడికేది అందుకే. పైగా ఎంత పాతదైనా ఇత్తడికి తూకానికి వెల కడతారు. తణుకు దగ్గరి అజ్జరం లాంటి ఊళ్ళలో పాత లోహం కొత్త పాత్రగా లేస్తుంది. ఇంతకంటే గట్టి అభ్యంతరం సీసం గురించి. చవగ్గా దొరికే అతుకు తగరంలో సీసం కలుస్తుంది, అలాంటి కళాయి విషమే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు. మంచి తగరపు కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే కీచుమంటుంది, సీసం ఎక్కువున్నది అలా పలకదు, కాగితం మీద రుద్దితే నల్లగీత పడుతుంది. ఇవి మొదటి పరీక్షలే, పూర్తి భరోసా కావు. శుద్ధమైన తగరం మనమే కొని పనివాడి చేతికివ్వడం మేలైన దారి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చాకిరీ. ఈ తోమడమంతా ఆడవాళ్ళ నడుముల మీదే సాగిందన్నది నిజం, దాన్ని సంస్కృతి పేరుతో కప్పిపెట్టడం అన్యాయం. కానీ గంటల తరబడి రుద్దడం ఈ విద్యలో భాగం కాదు. వరస తెలియక, చిలుము ముదరనిచ్చి, పులుపు చేయాల్సిన పని చేతులతో చేయించినప్పుడు వచ్చిన భారమది. పది నిమిషాలు నానబెట్టి కడిగి తుడిచే పని ఇంట్లో మగవాళ్ళూ చేయవచ్చు, చేయాలి. కళాయి పని మాత్రం ఎలాగూ కూలి ఇచ్చి చేయించుకోవాల్సిందే. వీధుల్లో కేకేసుకుంటూ వచ్చే కళాయివాళ్ళకు ఇప్పుడు ఇంటికో గిన్నె కూడా దొరకదు. పెళ్ళిళ్ళకు గుండిగలు అద్దెకిచ్చే కొట్లు, అన్నదానం చేసే ఆలయాలు ఏడాదికి రెండుసార్లు వాళ్ళను పిలిపించి, తగరం తామే కొనిచ్చి, పొగ తగలకుండా గాలాడే చోటు చూపిస్తే ఆ పని నిలబడుతుంది. పెద్ద గుండిగకు కళాయి ఎప్పుడు పూయించారో ఆ తేదీని దాని చెవి దగ్గర చెక్కించడం కూడా కష్టమేం కాదు.