వనారస గోవిందరావు ఇల్లు

మాయాబజార్ సినిమా డైలాగులు కంఠతా వచ్చినవాళ్లు కూడా సురభి నాటక సమాజం వాళ్ల మాయాబజార్‌లో లడ్ల ఘట్టం దగ్గర నోరెళ్లబెడతారు. పళ్లెంలోంచి లడ్డు దానంతట అదే లేస్తుంది, గాల్లో తేలుతూ వెళ్లి ఘటోత్కచుడి నోట్లో పడుతుంది. అది మింగేలోపే ఇంకోటి బయల్దేరుతుంది. ఎడిటింగు లేదు, రెండో టేకు లేదు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు లేచి నిలబడిపోతారు, వెనకవాళ్లు కూర్చోమని అరుస్తారు, కాసేపటికి వాళ్లూ లేచి నిలబడతారు.

కిటుకంతా సన్నటి నల్లదారంలో ఉంది. వెనక ముదురు రంగు తెర, దాని మీద దారం కంటికి ఆనకుండా సర్దిన వెలుతురు. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. చేయడమే కష్టం. దారం లాగే మనిషి వింగు చాటున నిలబడి ఘటోత్కచుడి దవడనే చూస్తూ ఉండాలి. చెయ్యి రెప్పపాటు తడబడితే లడ్డు ముక్కుకు తగులుతుంది, అక్కడితో ఆ రాత్రి రాక్షసుడి పరువు పోయినట్టే. నాకు తెలిసి అలా పోగా చూడలేదు. దారం పట్టుకున్న ఆవిడ ముందు అంకంలో రేవతి వేషం కట్టి ఉండవచ్చు, వచ్చే అంకానికి చెలికత్తె కావచ్చు. ఘటోత్కచుడు ఆమె కొడుకో, మరిదో, మేనమామో అయి ఉంటాడు. ఒకే ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ల చేతులు కాబట్టే అంత లెక్కగా పలుకుతాయి.

ఆ ఇంటికి మూలపురుషుడు వనారస గోవిందరావు. పూర్వీకులు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చారంటారు. వాళ్ల వృత్తి తోలుబొమ్మలాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, పెళ్లి వేడుకలో అని చెప్పుకుంటారు, ‘కీచక వధ’ ఆడారు. ఊరి పేరే వంశానికి పేరైంది. తెర వెనక బొమ్మలాడించిన మనుషులు తామే రంగు పూసుకుని జనం ముందుకు రావడం ఆ కాలానికి చిన్న తెగువ కాదు. ఆయనకు ముగ్గురు కొడుకులు, పదిమంది కూతుళ్లని ప్రతీతి. బిడ్డలు పెరిగి సంసారాలయ్యేకొద్దీ ఒక్కో సంసారం ఒక్కో నాటక సమాజమైంది. ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలు తెలుగునేలంతా తిరిగాయంటారు.

గోవిందరావు సాహసంలో నేను అన్నిటికంటే గొప్పగా చెప్పేది ఇంటి ఆడవాళ్ల సంగతి. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆయన తన ఆడబిడ్డలను రంగం ఎక్కించాడు. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి సత్యభామను నేనేమీ తక్కువ చేయను. కానీ లోకం వేలెత్తి చూపుతుందని తెలిసీ కన్నకూతురి చేత వేషం కట్టించిన తండ్రి గుండె వేరు. ఆ వంశంలోని సురభి కమలాబాయి, తల్లి నాటకమాడుతుండగా రంగస్థలం మీదే పుట్టిందని ఇప్పటికీ కథగా చెబుతారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి ఆవిడే. మన సినిమా తన మొదటి కథానాయికను ఈ డేరాల్లోంచే తెచ్చుకుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్డులో తొలి ఆటకు క్యూ కట్టే కుర్రాళ్లకు ఈ ముక్క ఎవరైనా చెప్పాలి.

రెండోది, ఎవరి మీదా ఆధారపడని తనం. ఊరికి వెళితే రేకులతో థియేటరు తామే కట్టుకునేవారు. నెలల తరబడి ఆడి, విప్పుకుని, ఇంకో ఊరు. తెరలు రాసేది వాళ్లే, కిరీటాలకు తళుకులు అతికేది వాళ్లే, హార్మోనియం, తబలా వాళ్లవే, వంటా వాళ్లదే. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర వరసగా కర్రలకు చుట్టి పైన వేలాడుతుంటాయి. వీధి తెర దించి ముందు ఇద్దరు హాస్యగాళ్లు మాట్లాడుతుంటే, దాని వెనక చప్పుడు కాకుండా ద్వారక లేస్తుంది. హాస్యగాడి పద్యం ఎంతసేపు సాగాలో వెనక సుత్తి పట్టుకున్నవాడి పనిని బట్టి ఉంటుంది. హార్మోనియం వాయించే ఆయనకు రెండు వైపులూ తెలుసు, అవసరమైతే ఇంకో ఆవృతం లాగి నిలబెడతాడు. యుద్ధంలో రెండు బాణాలు ఎదురెదురుగా తీగల మీద నిప్పులు కక్కుతూ వచ్చి నడిమధ్య ఢీకొంటాయి. నారదుడు మేఘం మీద దిగుతాడు. మేఘం వెనక పలక, పలకకు తాళ్లు, తాళ్లకు కప్పీలు, వాటి చివర బంధువులు. బావమరిది పట్టుకున్న తాడు మీద నమ్మకం ఉంచి నవ్వుతూ తంబుర మీటడం అందరివల్లా అయ్యే పని కాదు.

బి.వి. కారంత్ లాంటి మహా దర్శకుడు 1990ల్లో వచ్చి వీళ్లతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించాడంటే ఊరికేనా? చివరిది బ్రెక్ట్ నాటకానికి మన బస్తీ రూపం. పురాణాలు తప్ప ఇంకేం రావనే వాళ్లకు అదే జవాబు. సురభి బాబ్జీ అని అందరం పిలుచుకునే ఆర్. నాగేశ్వరరావు గారు పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో ఈ దీపం ఆరకుండా కాపాడారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన వెళ్లిపోయారు. ముప్పైకి పైగా అన్న సమాజాలు ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

నా కోపం ఇక్కడే. పౌరాణిక నాటకమని పిలిస్తే వెళతాం. వెనక ఎల్‌ఈడీ తెర మీద ఇంటర్నెట్‌లోంచి దించిన కైలాసం, అందులో మంచు కదులుతుంటుంది. మాటలు, పద్యాలు ముందే రికార్డు చేసి పెట్టుకుంటారు, పైన శివుడు పెదాలు ఆడిస్తాడు. కరెంటు పోతే దేవుడికి నోరు పడిపోతుంది! దీన్ని సురభి స్టైల్ అని కరపత్రం మీద అచ్చు వేసుకునే తెగువ కూడా కొందరికి ఉంది. నూట ముప్పై ఏళ్లకు పైగా గొంతు చించుకుని పాడిన వంశం పేరు పెదాలు కదిపేవాళ్లకు ఎవరిచ్చారు? శాలువాలు కప్పే పెద్దలు టికెట్టు కొనరు, పాసులు అడుగుతారు. సురభి పిల్లలు ఉద్యోగాలు వెతుక్కుంటే తప్పు పట్టను. వాళ్ల తాతలకు నిండిన రేకుల షెడ్డు ఉండేది, వీళ్లకు మనం ఖాళీ కుర్చీలు చూపిస్తున్నాం.

మా నల్లకుంట, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాళ్లం నాటకాభిమానులమని చెప్పుకుంటాం. త్యాగరాయ గానసభ మన ముంగిట్లోనే ఉంది. వినాయక చవితికి, దసరాకు మండపం పక్కన ఎల్‌ఈడీ తెరలకు, డీజేలకు మన కాలనీలు పోసే చందా డబ్బుతో ఒక రాత్రి మాయాబజార్ వేయించవచ్చు. వేయించేవాళ్లకు ఒక మనవి. రంగస్థలం ముందురోజే వాళ్ల చేతికి అప్పగించండి. తెరలు, తాళ్లు కట్టుకోవడానికి ఎత్తు, వింగుల్లో చోటు కావాలి. ఉపన్యాసాలు నాటకం మధ్యలో పెట్టకండి. ఆ రోజు టికెట్టు పెట్టండి, కమిటీ అధ్యక్షుడితో సహా అందరూ కొనండి.