అరుగుదలను ముందే లెక్కగట్టిన యంత్రం

విజయవాడ ఆటోనగర్లోనో హైదరాబాద్ బాలానగర్లోనో ఏ లేత్ షాపులో అడుగుపెట్టినా కళ్ళు ముందు చక్ మీదికే పోతాయి. గిర్రున తిరిగేది అదే కదా! పనితనం చూడాలంటే మాత్రం కింద ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న బెడ్‌ని చూడాలి.

పోత ఇనుముతో చేసిన ఈ దిమ్మ మీద పొడవునా పట్టాలుంటాయి. టూల్‌ను మోసే శాడిల్ నడిచే ముందువైపు పట్టా చాలా లేతుల్లో పెంకుటింటి కప్పులా రెండు వైపులా వాలుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒరుసుకుని అది అరిగినా, శాడిల్ తన బరువుతోనే కాస్త కిందికి దిగి మళ్ళీ కుదురుకుంటుంది, పక్కకు వదులు రాదు. జాబ్ (చెక్కే ముక్క) రెండో కొసను ఆనించే టెయిల్‌స్టాక్‌కి లోపలివైపు వేరే పట్టాలిస్తారు. శాడిల్ తెచ్చే అరుగుదల దాని దారిని చెడగొట్టకూడదని.

మంచి లేతులో ఈ జారే తలాలను చేత్తో స్క్రేపింగ్ చేస్తారు. సరిచూసిన పలకకు ప్రష్యన్ బ్లూ పల్చగా పూసి తలం మీద జరిపితే ఎత్తుగా ఉన్నచోటల్లా నీలి చుక్క అంటుకుంటుంది. స్క్రేపర్‌తో ఆ చుక్కను గీకి, తుడిచి, మళ్ళీ రంగు చూడాలి. ఒక్కో గీకుకు పోయేది కొద్ది మైక్రాన్లే. ఇలా ఎన్నో విడతలయ్యాక చుక్కలు తలమంతా దగ్గరదగ్గరగా, సమానంగా పరుచుకుంటాయి. వాటి మధ్య మిగిలిన సన్నని పల్లాల్లో నూనె నిలుస్తుంది.

ఎడమ కొసన ఉండే హెడ్‌స్టాక్‌లో చక్‌ను తిప్పే స్పిండిల్ బోలుగా ఉంటుంది, పొడవాటి రాడ్డును వెనకనుంచి దూర్చి చక్‌లో బిగించడానికి. మూడు దవడల చక్ లోపల చుట్లు చుట్లుగా గాడి ఉన్న పళ్ళెం ఒకటుంది. కీ తిప్పితే అదే మూడు దవడలనూ ఒక్కసారిగా కేంద్రానికి తెస్తుంది.

జాబ్ ఒక్కో చుట్టుకు టూల్ ఎంత నడవాలో చెప్పేది గేర్లు. బెడ్ పొడవునా ఉండే లీడ్ స్క్రూ పిచ్ 6 మి.మీ. అయితే, 1.5 మి.మీ. మర కోయడానికి జాబ్ నాలుగు చుట్లు తిరిగేలోగా లీడ్ స్క్రూ ఒక్క చుట్టే తిరగాలి. శాడిల్ ముందు వేలాడే ఏప్రాన్‌లోని హాఫ్ నట్ స్క్రూను పట్టుకోగానే శాడిల్, ఏప్రాన్ కలిసిన క్యారేజ్ కదులుతుంది. టూల్‌ను పట్టి జరిపే స్లైడ్ రెస్టునూ లీడ్ స్క్రూనూ మార్చుకునే గేర్లనూ ఒకే ఇనుప యంత్రంలో కూర్చి లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో చేసిన లేతు నుంచి నేటి సెంటర్ లేతు దాకా పద్ధతి ఇదే. మామూలు టర్నింగ్‌కి మాత్రం ఫీడ్ రాడ్ వేరే ఉంటుంది. మరల పనికి తప్ప లీడ్ స్క్రూను అరగనివ్వరు.

ఇంతకన్నా గొప్ప ముందుచూపు లేతును పరీక్షించే తీరులో ఉంది. జర్మన్ ఇంజనీరు గియోర్గ్ ష్లెసింగర్ 1927లో యంత్రపరికరాల పరీక్షలను పుస్తకంగా తెచ్చాడు. అందులో లేతుకు ఎంత తేడా ఉండవచ్చో చెప్పి ఊరుకోలేదు, ఏ వైపు ఉండాలో కూడా చెప్పాడు. స్పిండిల్‌కి పరీక్ష కడ్డీ బిగించి డయల్ గేజ్ నడిపితే, కడ్డీ చివర పైకే లేవాలి, ఎందుకంటే జాబ్ బరువు కిందికి లాగుతుంది. పక్కకు వాలితే టర్నర్ వైపే వాలాలి, ఎందుకంటే కోత ఒత్తిడి జాబ్‌ను అవతలికి నెడుతుంది. టెయిల్‌స్టాక్ సెంటర్ హెడ్‌స్టాక్ సెంటర్ కన్నా 0.02 మి.మీ. మించకుండా ఎత్తుగా ఉండవచ్చు గానీ తగ్గకూడదు. ఎందుకంటే హెడ్‌స్టాక్ కదలదు, టెయిల్‌స్టాక్ అడుగు మాత్రం జరిగీ జరిగీ అరుగుతుంది. ముందు పట్టా కూడా నడుమ రవ్వంత ఉబ్బుగా ఉండవచ్చు, పల్లం పనికిరాదు. కొత్త యంత్రంలో లోపంలా కనిపించే ఆ తేడా పనిలో పడ్డాక వచ్చే తేడాకు విరుగుడు! ఇంత ఆలోచించి చేసిన వస్తువుకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పాత లేతు కొనేవారికి ఈ అరుగుదల సంగతి నేరుగా పనికొస్తుంది. జాబులు ఎక్కువగా పొట్టివే కాబట్టి బెడ్ చక్ దగ్గరే బాగా అరుగుతుంది. అక్కడ శాడిల్ వదులు లేకుండా బిగించి, చేత్తో టెయిల్‌స్టాక్ వైపు తిప్పుకుంటూ పొండి. చివరిదాకా ఒకే తీరున నడిస్తే బెడ్ బాగున్నట్టు. మధ్యలో పట్టేస్తే ధర మాట్లాడేముందు మళ్ళీ గ్రైండింగ్, స్క్రేపింగ్‌కయ్యే ఖర్చు లెక్కవేసుకోండి.