పట్టు వదిలే పటం

సంక్రాంతికి మేడ మీద గాలిపటం ఎగరేసిన చేతులకు ఒక అలవాటు ఉంటుంది. పటం తల తిప్పితే దారం లాగుతాం. పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ళపై జారే కైట్‌సర్ఫింగ్ నేర్చుకుందామని రామేశ్వరం దాకా వెళ్ళే మనవాళ్ళకు ఈ అలవాటే అడ్డుపడుతుంది. అక్కడ చేతిలో ఉండేది దారం కాదు, కైట్ దారాలు (లైన్లు) కట్టిన అడ్డకర్ర, అంటే బార్. దాన్ని ఒంటివైపు లాక్కుంటే కైట్ వెనక అంచు కిందికి దిగి మరింత గాలి పడుతుంది, లాగుడు పెరుగుతుంది. భయపడ్డ మనిషి చేతిలో ఉన్నదాన్ని దగ్గరికి లాక్కోకుండా ఉండలేడు. ఆ క్షణంలో చెయ్యాల్సింది మాత్రం బార్ వదిలెయ్యడం. కైట్ నడుముకు కట్టుకున్న హార్నెస్‌కు తగిలించి ఉంటుంది, ఎగిరిపోదు. అందువల్ల మొదటి కైట్‌కు నేను పెట్టే పరీక్ష ఒకటే: బార్ వదిలిన వెంటనే అది ఎంత పూర్తిగా లాగడం మానేస్తుంది?

కైట్లకు ఈ గుణం మొదటినుంచీ లేదు. ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరానికి చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు 1984 నవంబరులో గాలి నింపే కైట్‌కు పేటెంట్ వేశారు. ముందు అంచు పొడవునా ఒక లావుపాటి గాలి గొట్టం, దానికి అడ్డంగా మరికొన్ని సన్నవి. నీళ్ళలో పడ్డా తేలుతుంది, ఆకారం చెడదు, లైన్లతోనే మళ్ళీ పైకి లేపొచ్చు. సముద్రం మీద కైట్ ఆట సాధ్యమైందంటే ముఖ్యంగా ఈ తేలే గుణం వల్లే. 1997లో ఆ కైట్లు విపికా పేరుతో అమ్మకానికి వచ్చాక ఆట తీరం నుంచి తీరానికి పాకింది.

అయితే ఆ తొలి కైట్లు గాల్లో ఇంగ్లీషు ‘సి’ అక్షరంలా బాగా వంగి ఉండేవి. బార్ వదిలినా బలం కొంతవరకే తగ్గేది. ఒక్కసారిగా గాలి విసిరితే మనిషిని ఇసుక మీదో రాళ్ళ మీదో ఈడ్చుకుపోయేవి. 2005 ప్రాంతంలో బ్రూనో లెగెన్యూయే దీనికీ దారి చూపించాడు. కైట్‌ను చదునుగా చేసి, వెనక అంచును లోపలికి వంచి, ముందు అంచును చిన్న చిన్న తాళ్ళతో పట్టి ఉంచే ‘బో’ కైట్ అలా వచ్చింది. బార్ వదిలితే అది గాలికి వాలు మార్చుకుని దాదాపు ఏ లాగుడూ లేకుండా నిలబడుతుంది. డెల్టా అనీ హైబ్రిడ్ అనీ ఇప్పుడు దొరికే చాలా కైట్లు ఆ ఆలోచనకు వారసులే. కొత్తవాళ్ళు వీటినే అడిగి తీసుకోవాలి. తక్కువ ధరకు వస్తోందని పాత సి-కైట్ కొనడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నిజానికి మొట్టమొదట చేతికి రావాల్సింది ఇదీ కాదు. సుమారు రెండు చదరపు మీటర్లుండే ట్రైనర్ కైట్‌తో ఇసుక మీద మొదలుపెట్టాలి. చాలామంది దీన్ని పిల్లల బొమ్మ అనుకుని దాటేద్దామని చూస్తారు. గాలికి వీపు పెట్టి నిలబడితే మన ముందు పావు గోళమంత ఆకాశం ఉంటుంది, కైట్ తిరగగలిగేది అందులోనే. నట్టనడుమ లాగుడు ఎక్కువ, పక్క అంచుల్లోనూ నడినెత్తినా తక్కువ. ఈ లెక్క పుస్తకంలో ఒక్క నిమిషంలో అర్థమవుతుంది కానీ చేతులకు ఎక్కడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. కైట్ వైపు చూడకుండా దాన్ని నడినెత్తిన నిలపగలిగే దాకా ట్రైనర్ వదలకూడదు. నీళ్ళలో కళ్ళు బోర్డు మీద, అల మీద, పక్కవాళ్ళ మీద ఉండాలి మరి.

ఆ తర్వాత సైజు. గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. 12 నాట్స్ గాలి 18కి పెరిగిందంటే అదే కైట్ రెండుంపావు రెట్లు లాగుతుంది. దాదాపు 70 కిలోల మనిషి 15 నుంచి 18 నాట్స్, అంటే గంటకు సుమారు 28 నుంచి 33 కిలోమీటర్ల గాలిలో, బోర్డు మీద తిరగడానికి 10, 12 చదరపు మీటర్ల కైట్ వాడతాడు. నేర్చుకునేవాడికి అదే గాలిలో అంతకంటే చిన్నది ఇస్తారు. లైన్లు కూడా పొట్టివి కట్టడం మంచి పద్ధతి. కైట్ కిందికి దూకే దూరం తగ్గి లాగుడు పెరగడానికి వ్యవధి ఉండదు.

ఇక్కడే ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. చిన్న కైట్ అంటే సాధువు అనుకుంటారు. ఐదు మీటర్ల కైట్ చెయ్యి కదిలితే చాలు గిర్రున తిరుగుతుంది, పైగా దాన్ని బయటికి తీసేది గాలి ఉధృతంగా ఉన్న రోజునే. కొత్త చేతికి 8, 9, 10 మీటర్లవి నిదానంగా మాట వింటాయి. మరీ చిన్నది తెచ్చి బలహీనమైన గాలిలో ఎగరేస్తే అదీ నేర్పదు. కైట్ మాటిమాటికీ పడిపోతుంటే బోర్డు మీద నిలబడే అవకాశమే రాదు. రెక్కలు పొడవుగా సన్నగా సాగిన రేస్ కైట్ల జోలికీ పోవద్దు. అవి నెత్తి దాటి ముందుకు వెళ్ళిపోయి, లైన్లు సడలి కుప్పకూలుతాయి. పొట్టిగా, వెడల్పుగా ఉన్నవి వెనకే నిలిచి ఎదురుచూస్తాయి.

చోటు కూడా కైట్ ఎంపికలో భాగమే. విశాఖలో అలలు ఒడ్డునే విరుచుకుపడతాయి. లోపలికి లాగే ప్రవాహాలూ ఉన్నాయి, కొత్తవాళ్ళకు అది తగదు. రామేశ్వరం దీవికి ఒకపక్క పాక్ అఖాతం, మరోపక్క మన్నారు సింధుశాఖ. నైరుతి గాలులకు ఒక తీరం, ఈశాన్య గాలులకు మరో తీరం పనికొస్తాయి. లోతు తక్కువగా, అలల్లేకుండా ఉండే నీళ్ళలో కైట్ పడినా లేచి నిలబడి మళ్ళీ లేపుకోవచ్చు.

వాడిన కైట్ కొనేవాళ్ళు ముందు గొట్టాలు బిగువుగా నింపి రాత్రంతా వదిలెయ్యాలి. తెల్లారేసరికి మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్టే. గుడ్డను ఎండకు ఎత్తిపట్టి సూది బెజ్జాలు వెతకాలి. కొత్త గుడ్డ నలిపితే గలగలమంటుంది, ఎండకు ఎండి పాతబడింది మాత్రం మెత్తగా ఒదిగిపోతుంది. నాలుగు లైన్లనూ ఒకే మేకుకు తగిలించి, బార్ పట్టుకుని లాగి చూడాలి. బరువంతా మోసే ముందువైపు లైన్లు కాలం గడిచేకొద్దీ సాగుతాయి, అప్పుడు వెనక లైన్లు పొట్టివై కైట్ వెనక్కి జారి పడుతుంటుంది. చివరిగా, అన్నిటికంటే జాగ్రత్తగా, అత్యవసరంగా విడిపించే మీటను హార్నెస్‌కు తగిలించి, ఒంటి బరువంతా వేసి తోసి చూడండి. దీనికి ఐఎస్ఓ 21853 అని 2020లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఇసుక చిక్కుకున్నా, ఎంత బరువు వేలాడినా ఒక్క తోపుతో ఊడి, కైట్ ఒకే లైన్ మీద జెండాలా వాలిపోవాలి. ఊడలేదంటే మిగతాదంతా కొత్తదైనా ఆ బార్ కొనకండి.