తాళం వేసేది ఎవరు?

పాట రికార్డు చేసుకోవడానికి ఇప్పుడు పెద్ద స్టూడియోకే వెళ్లనక్కర్లేదు. ఒక లాప్‌టాప్, రెండు మైకులు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (వాడుకలో ‘కార్డు’) ఉంటే ఇంట్లోనే పని జరిగిపోతుంది. కార్డు కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరుగుతాం, కొన్నాక దాని సెట్టింగులు తెరిచి చూడం. నన్నడిగితే, ఖరీదైన మైకు చేసే మేలుకన్నా ఆ సెట్టింగులు సరిగ్గా ఉండటం వల్ల కలిగే మేలే ఎక్కువ.

ముందు చూడాల్సింది క్లాక్. డిజిటల్ పరికరం ధ్వనిని సెకనుకు ఇన్నిసార్లని కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ కొలతను నడిపించేది క్లాకే. కార్డు ఒక్కటే ఉంటే ‘ఇంటర్నల్’ అని ఉంచితే సరిపోతుంది. దానికి ఎనిమిది మైకుల ప్రీఆంప్‌ను అడాట్ ఆప్టికల్ కేబుల్‌తో కలిపినప్పుడే చిక్కు మొదలవుతుంది. రెండిట్లోనూ సెకనుకు 48,000 సార్లు అనే కనిపిస్తుంది గానీ, ఒకటి రవ్వంత ముందు, ఇంకొకటి రవ్వంత వెనక నడుస్తుంటాయి. ఆలాపన మధ్యలో ‘టిక్’మంటుంది. మనం కేబుల్‌ను తిట్టుకుంటాం. కచేరీలో పక్కవాద్యాలన్నీ ఒకే తాళాన్ని అనుసరించినట్టు, ఇక్కడా ఒకటి నడపాలి, మిగతావి వినాలి. ప్రీఆంప్‌ను ‘ఇంటర్నల్’లో ఉంచి, కార్డులో క్లాక్ సోర్స్‌ను ‘అడాట్’కు మార్చాలి. ఆర్‌ఎంఈ కంపెనీ కార్డుల్లో ‘లాక్’ వేరు, ‘సింక్’ వేరు. సిగ్నల్ సవ్యంగా అందుతోందని మాత్రమే ‘లాక్’ చెబుతుంది. రెండూ కలిసి నడుస్తున్నాయని చెప్పేది ‘సింక్’. అది కనిపించేదాకా రికార్డు బటన్ జోలికి పోకూడదు.

తర్వాత శాంపిల్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్నది. సీడీలకు 44,100 అన్న వింత అంకె ఎందుకొచ్చింది? తొలినాళ్లలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద దాచేవారు. సెకనుకు 60 ఫీల్డులు, ఫీల్డుకు పనికొచ్చే 245 గీతలు, గీతకు మూడు శాంపిళ్లు: హెచ్చవేస్తే 44,100. వీడియో పనికి మాత్రం 48,000 స్థిరపడింది. ఏదైనా పరవాలేదు, కార్డులోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకటే ఉండాలి. 44,100లో రికార్డయిన పాటను 48,000లో వినిపిస్తే వేగం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకూ రెండుకూ మధ్యన పడుతుంది. హార్మోనియంలో ఏ మెట్టుకూ కలవదు.

బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శాంపిళ్ల మూట. దీని సంగతి కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెడుతుంది. 48,000 రేటులో 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం, 1024 అంటే 21 మిల్లీసెకన్లు. ధ్వని లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి వెళ్లేటప్పుడు ఇంకోసారి ఈ ఆలస్యం పడుతుంది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే పెద్ద బఫర్‌తో పాడేవారికి తమ గొంతే పద్నాలుగు మీటర్ల అవతలి నుంచి వినబడుతున్నట్టు! లయ ఎలా నిలుస్తుంది? రికార్డు చేసేటప్పుడు 64 గానీ 128 గానీ, మిక్సింగ్‌కు 1024 పెట్టుకోవాలి. కంప్యూటర్ అంత చిన్న బఫర్‌కు తట్టుకోలేకపోతే గొంతును కంప్యూటర్ దాకా పంపకుండా కార్డు నుంచే వినిపించే ‘డైరెక్ట్ మానిటరింగ్’ వాడితే ఆ చిక్కే ఉండదు.

ఇక గెయిన్, అంటే మైకు ధ్వనిని ఎంత పెంచాలన్నది. టేపు రోజుల్లో ముల్లు ఎర్రగీత దాటినా టేపు కొంత ఓర్చుకునేది. డిజిటల్‌లో సున్నా డెసిబెళ్లు దాటితే ధ్వని తెగిపోతుంది, మళ్లీ రాదు. 24 బిట్‌లో రికార్డు చేస్తే తగ్గించి పెట్టుకున్నా నష్టం లేదు. అత్యధిక శబ్దం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా చూసుకుంటే చాలు. మృదంగ విద్వాంసుడిని మాత్రం తని ఆవర్తనం చివరి కోర్వై వాయించి చూపమని అడగండి. సౌండ్ చెక్‌లో ఎవరూ అంత గట్టిగా వాయించరు మరి.

అన్నీ కుదిరాక ఆ సెట్టింగుల తెరను ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక ఒక్కోసారి ఇవన్నీ మొదటికొస్తాయి.