మూడు కొండల ఫొటో

విశాఖ వ్యాపార కేంద్రాల మీద వచ్చే గైడు రాతలు చాలావరకు జగదాంబ జంక్షన్‌లో మొదలై ద్వారకానగర్‌లో తేలతాయి. ఎక్కడ కొనాలి, ఎక్కడ తినాలి, ఏ హాల్లో సినిమా చూడాలి - అన్నీ ఉంటాయి. మనం మాత్రం ఒక్క ఫొటోలో ఉంటాం. 1933లో తెరిచిన హార్బరు దారి పక్కన మూడు కొండలు: రాస్‌హిల్ చర్చి, వెంకటేశ్వరస్వామి గుడి, ఇసాక్ మదీనా దర్గా. కింద ‘మతసామరస్యం’ అనే ముద్ర. దర్గా కొండ కింద బతికేవాడు ఏం అమ్ముతాడో, ఏం కొనగలడో ఆ రాతలకు పట్టదు.

తమాషా ఏమంటే (ఈ ‘తమాషా’ కూడా మనదే), దుకాణం, బజారు, ఖరీదు, రసీదు లేకుండా ఆ రాత ఒక్క పేజీ సాగదు. ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకొచ్చిన మాటలివి. మాటకున్న చోటు మనిషికెందుకు లేదు? పూర్ణా మార్కెట్ నుంచి వన్‌టౌన్ సందుల దాకా నడిచి, అక్కడి దుకాణదారుల్ని పలకరించి రాసిన గైడు ఒకటి రావాలి. ఫొటో ఆ తర్వాత వేసుకోవచ్చు.