మన కంసాలుల కుర్చీలు మన ఇళ్లలో లేవు

నర్సీపట్నం చుట్టుపక్కల పాత మండువా లోగిళ్లలోకి అడుగుపెడితే ఎవరి కళ్లయినా ముందు పందిరిమంచం మీదికే పోతాయి. నేను బీరువా పై అర వెతుకుతాను. అదృష్టం బాగుంటే పట్టుచీరల కింద ఓ నగలపెట్టె దొరుకుతుంది. లోపల గంధపు చెక్క, పైన వరసగా పేర్చిన ఏదుముళ్లు, అంచులకు కొమ్ము, మూత మీద దంతపు పట్టీ. "మా మామ్మ కాపురానికి తెచ్చుకున్నది బాబూ" అంటారు. అది విశాఖపట్నం కంసాలుల చేతిపని అని చాలా ఇళ్లలో తెలియదు.

ఈ పని ఎప్పుడు మొదలైందో గానీ పద్దెనిమిదో శతాబ్దానికల్లా విశాఖ పేరు సీమదాకా పాకింది. డచ్చివాళ్లూ, ఇంగ్లీషువాళ్లూ తమ దేశపు కుర్చీ నమూనా చూపిస్తే మనవాళ్లు రోజ్‌వుడ్‌లోనో నల్లచేవలోనో అచ్చం అలాగే దించేవారు. టేకు, దంతం బర్మాలోని పెగూ నుంచి ఓడల్లో కూడా వచ్చేవట. అసలు విద్య ఆ తర్వాతే. దంతాన్ని పలచటి రేకులుగా కోసి, పువ్వుగా, తీగగా కత్తిరించి, చెక్కలో సరిగ్గా అంతే లోతు గుంట తవ్వి పొదుగుతారు. వేలితో రాస్తే అతుకు తగలకూడదు. ఆపైన సన్నటి ఉలితో దంతం మీద ఈనెలు, రేకులు, పక్షి ఈకలు గీస్తారు. ఆ గీతల్లో కరిగిన నల్లలక్క నింపి, పైపైన గీకేస్తారు. తెల్లటి దంతం మీద నల్లగీత మాత్రమే నిలుస్తుంది. మైసూరు పొదుగు పనిని నేను కాదనను, హోషియార్‌పూర్ బల్లలూ అందమైనవే. కానీ విశాఖలో దంతమే కాగితం, ఉలే కలం! ఆ తీగలు చూడండి, మన తీరంలో అద్దిన కలంకారీ అంచుల వంపే కనిపిస్తుంది.

మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఆస్తి వేలానికొచ్చినప్పుడు, 1781లో, మూడో జార్జి రాజు స్వయంగా విశాఖ దంతపు కుర్చీలు కొని రాణి షార్లెట్‌కి ఇచ్చాడు. అవి ఇప్పటికీ ఇంగ్లండు రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ మన పని ఉంది. విశాఖ జిల్లాలో పుట్టినవాడు తన తాతల పనితనం చూడాలంటే వీసా తీసుకోవాలి!

అక్కడికి పోయినవి పోయాయి. ఇక్కడ మిగిలినవాటికి పడుతున్న గతి చూస్తే ఒళ్లు మండుతుంది. పంపకాల్లో పందిరిమంచం నాలుగు కోళ్లూ నలుగురికి. భోషాణం మీద ఎనామిల్ పెయింటు. పాత సామాన్లవాడు తూకానికి అడుగుతాడు, ఇచ్చేస్తారు. ఆ డబ్బుతో ప్లాస్టిక్ రేకు అంటించిన 'ఐవరీ' సోఫా కొని హాల్లో వేస్తారు. ఏనుగుల కోసం దంతం వర్తకం నిషేధించారు, మంచిదే, ఆ చట్టాన్ని నేను సమర్థిస్తాను. కానీ కొత్తది ఇక పుట్టదు కాబట్టే పాతదాన్ని ప్రాణంగా చూసుకోవద్దా?

లక్క విద్య మాత్రం వరాహనది ఒడ్డున బతికుంది. ఏటికొప్పాకలో తరిమెన మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు లక్కకడ్డీ ఒత్తితే, ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది. మొగలాకుతో రుద్దితే మెరుపు. రసాయన రంగులు ఈ పనినీ దాదాపు మింగేశాయి. ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు గారు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులను పట్టుబట్టి వెనక్కి తెచ్చారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. పాత ఇళ్లలో కొలువు బొమ్మల పెట్టె అడుగున నాటి లక్కపిడతలు ఇంకా దొరుకుతాయి. వాటిని సబ్బునీళ్లలో నానబెట్టకండి, మెత్తటి పొడిగుడ్డ చాలు.

విశాఖ బీచ్ రోడ్డులో డచ్చివారి బంగళాలోనే మ్యూజియం ఉంది. కంసాలుల పనికి అందులో ఒక గది పూర్తిగా కేటాయించమని పాలకులను అడుగుతున్నాను. లోగిళ్ల వారసులను అడిగేది ఇంకా చిన్నది: అమ్మేముందు ఆ పెట్టెకు నాలుగువైపులా ఫొటోలు తీసి, ఎవరి కాపురంతో వచ్చిందో ఓ కాగితం మీద రాసి లోపల పెట్టండి. దంతం ఉంటే అసలు అమ్మనే కూడదు, కొంటానన్నవాడిని గుమ్మంలోంచే పంపేయండి.