జుట్టును గూర్చి ఒక ప్రసంగము

విద్యాలయోత్సవములందు కన్యల నుద్దేశించి ప్రసంగించు పెద్దలు సాధారణముగా శీలమును గూర్చియో, దేశసేవను గూర్చియో మాటలాడుదురు. 1987వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన, అమెరికాలోని అట్లాంటా నగరమున, స్పెల్మన్ కళాశాల సంస్థాపకదినమున ఆలిస్ వాకర్ మాత్రము తలవెండ్రుకలను గూర్చి మాటలాడినది. ఆ కళాశాల నల్లజాతి స్త్రీల విద్యకై 1881లో వెలసినది. వాకరు తానును అచ్చట కొంతకాలము చదివినది. ‘ది కలర్ పర్పుల్’ అను నవలకు 1983లో పులిట్జరు బహుమాన మందిన రచయిత్రి, తాను కూర్చుండిన యాసనములయందే కూర్చున్న బాలికలను చూచి, మీ తలలు ఇప్పుడెట్లున్నవో యని కలవరపడవలదని ముందుగా అభయమిచ్చి, తన కథ నారంభించినది. ఈ ప్రసంగము మరుసటి యేట ‘లివింగ్ బై ది వర్డ్’ అను వ్యాససంపుటమున అచ్చుపడినది. అణచబడిన జుట్టు మెదడుపై కప్పు వేయునని దాని పేరునకు భావము. పేరు చూచి నవ్వినవారు పది పంక్తులు చదువగానే నవ్వు మానుదురు.

నడివయస్సున, అంతరంగవికాసమున ముందుకు సాగలేక, తన మెదడునకు పైన ఏదియో కప్పు అడ్డుగా నున్నట్లు ఆమెకు తోచినదట. వెదకి చూడగా ఆ యడ్డు తన జుట్టే. ఇంకను ఆలోచింపగా, జుట్టు నిరపరాధి యనియు, దానితో తాను నెరపిన సంబంధమే దోషభూయిష్ఠమనియు తెలిసినది. తల్లి మొదలుకొని తల దిద్దినవారందరును, అన్యమతస్థులను తమ మతములోనికి లాగు పాదిరులవలె, ఆ జుట్టును లొంగదీయ జూచినవారే. కొన్నాళ్లు సవరములు చేర్చి పొడుగుజడలు వేసికొన్నది. తుదకు సవరములు తీసివేసి, సొంతజుట్టును అది పోదలచిన దిక్కునకు పోనిచ్చి, అద్దములో చూచికొని నవ్వినది. చారలగుర్రపు చారలవలె, సృష్టి తన వినోదమునకై చేసిన వింతగా అది ఆమెకు కనబడినది. ఈ నవ్వే వ్యాసమునకు ప్రాణము. తన జాతి పడిన యవమానమును చెప్పుచు ఏడ్పింపక నవ్వించుట మిక్కిలి కష్టము.

ఆ నవ్వు విలువ తెలియవలెనన్న దాని వెనుకటి చరిత్ర కొంత తెలియవలెను. ఆఫ్రికా సంతతివారి వెండ్రుక బిగువుగా మెలి తిరిగి పెరుగును. దానిని కాల్చిన యినుప దువ్వెనతో సాగదీయుట 20వ శతాబ్ది ఆరంభమునుండి అమెరికా నల్లజాతి గృహములలో వ్యాపించెను. పిదప సోడియం హైడ్రాక్సైడు చేరిన లేపనములు వచ్చినవి. సబ్బు కాచువారు వాడు కాస్టిక్ సోడా యిదియే. అది వెండ్రుకలోని గంధకబంధములను తెంచును, నెత్తిని కాల్చును. క్రొత్తగా మొలచు కుదురు మరల మెలి తిరిగియే పుట్టును గావున, కొన్ని వారములకొకసారి ఈ తంతు తప్పదు. 33,000 మందికి పైగా స్త్రీలను పరిశీలించి అమెరికా ప్రభుత్వపరిశోధకులు 2022లో ప్రకటించిన ఫలితములలో, జుట్టు సాగదీయు మందులను తరచు వాడినవారియందు గర్భాశయ క్యాన్సరు హెచ్చుగా కనబడినది. సంబంధమును చూపిరే గాని అదియే కారణమని వారు తేల్చలేదు. అయినను ఒక తల్లి చదివి ఆలోచింపదగిన సంగతి.

ఇంతవరకు మెచ్చికోలు. ఇక నా యభ్యంతరము. ఈ వ్యాసమున విముక్తి మెరుపువలె వచ్చును. జుట్టును దాని మానాన విడిచిపెట్టినచో చాలును, కప్పు తొలగునన్నట్లు పాఠకురాలికి తోచును. వాకరు తరువాతి కాలమున జడలు కట్టిన శిరస్సుతోనే లోకమునకు కనబడినది. ఆ జడలు పెరుగుటకు పట్టు నెలలపై ఈ వ్యాసము నిలువదు. కథ యంతయు ఆ నెలలయందే కలదని నా తలంపు.

అట్టి తల పెంచువారు మొదట తలనంతయు చిన్నచిన్న గడులుగా పాపటలు తీసి, ఒక్కొక్క పాయను రెండు పేటలుగా పెనవేయుదురు, లేదా దువ్వెనకొనతో చుట్టుదురు. మొదటి నెలలలో తలస్నానము చేసినప్పుడెల్ల సగము విడిపోవును. పిమ్మట పాయలలో చిన్నముడులు మొగ్గలవలె ఉబ్బును. పైన నూగు లేచును. ఒకటి లావు, ఒకటి సన్నము. కొన్ని క్రిందికి వ్రాలక నిక్కి నిలుచును. ఏడాదియో, ఏడాదిన్నరయో గడచినగాని అవి బరువెక్కి కుదురుకొనవు. మనుష్యుని తలనుండి దినమునకు 50 మొదలు 100 వరకు వెండ్రుకలు రాలును. మనము వానిని దువ్వి పారవేయుదుము. ఈ తలయందు రాలిన వెండ్రుక ఎచ్చటికిని పోదు. బ్రతికియున్నదానిని చుట్టుకొని అచ్చటనే నిలిచి త్రాడగును. రాలినదే బలమగు ఈ వింత వాకరు కలమునకు చిక్కకపోయెనే యని నాకు విచారము.

ఓర్పు లేనివారికి ఈ జుట్టే శిక్ష విధించును. వారమునకొకసారి కుదుళ్లను బిగించి మెలిపెట్టినచో నుదుటియొద్ద జుట్టు ఊడిపోవును. నునుపునకై మైనము పూసినచో అది లోపల మురికిగా పేరుకొనును. తడి యారకమునుపే ముడి వేసినచో కంపు కొట్టును. ఇట్టి తలను కడుగనే కడుగరను లోకాపవాదము వట్టిది. కడుగుట, బాగుగా ఆరబెట్టుట, నెలకో ఆరువారములకో కుదురు దిద్దుట మనుష్యుల వంతు. తక్కినది కాలము వంతు. కావున వాకరు చెప్పిన ‘విడిచిపెట్టుట’ సోమరితనము కాదు. చేయదగినంత చేసి చేయి తీయుట అది. తన్ను తాను ఒప్పుకొనుటయు ఒకనాటి యుదయమున అద్దములో జరుగు పని కాదనుకొందును. ఆరవనెలలో తన రూపము తనకే నచ్చక, తలకు గుడ్డ చుట్టుకొని వీథిలోనికి పోయిన స్త్రీ, మరునాడు ఆ తలనే మెల్లగా కడుగుచుండును. చేతులు ముందు ఒప్పుకొనును. మనస్సు వెనుకనుండి వచ్చును.

మరియొక లోపము. కీర్తి గడించిన రచయిత్రి తల యెట్లున్నను ఆమె యన్నమునకు లోటు రాదు. 2010లో అలబామా రాష్ట్రమున ఒక నల్లజాతి స్త్రీకి ఉద్యోగ మిచ్చితిమని చెప్పి, జడలు కత్తిరించినగాని చేర్చుకొనమనిరి. ఆమె కత్తిరింపలేదు; ఉద్యోగము పోయినది. జుట్టు తీరు మార్చుకొనదగినది గావున ఇది జాతివివక్షము కాదని అప్పీలు న్యాయస్థానము 2016లో తీర్పు చెప్పెను. ఇట్టి వివక్షమును నిషేధించు చట్టమును 2019లో కాలిఫోర్నియా మొదట చేసినది. తరువాత ఇరువదికి పైగా రాష్ట్రములు చేసినవి. దేశమునకంతకు వర్తించు బిల్లు 2022లో ప్రతినిధిసభ నెగ్గియు సెనేటు దాటలేదు. స్పెల్మన్ సభలో కూర్చున్న కన్యలలో చాలమంది చదువు ముగియగానే కొలువులకు పోవలసినవారే. వారికి కప్పు మెదడుపైననే కాదు, కచేరీగుమ్మము పైనను కలదు. దానిమాట ఆమె యింకొంచెము చెప్పవలసినది.

మన పాఠకురాండ్రకు ఈ వ్యాసము పరదేశపు వింతగా తోచనక్కరలేదు. స్పెల్మన్ వెలసిన 1881వ సంవత్సరముననే రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. మగడు పోయిన బాలిక తలపై అధికారము మంగలికత్తిదిగా నుండిన దినములవి. వారిది గొరుగుట, వీరిది కాల్చుట. తల యెవరిదను ప్రశ్నకు మాత్రము రెండుచోట్లను ఒకే యుత్తరము దొరకెడిది.

ఈ ప్రసంగమును తెలుగు చేయువారు పుట్టకపోరు. వారి కొక చిక్కు కలదు. మనకు ‘జడ’ యన్న ముద్దు. పూలు, జడగంటలు, కుప్పెలు అన్నియు దానికే. ‘జడలు కట్టిన తల’ యనినంతనే, శివుని తల తప్ప, తక్కినదంతయు ఆలనాపాలన లేని మురికితలయే యని మన చెవికి తోచును. ఒక్క ధాతువు మార్చినంతనే మెప్పు తిట్టుగా మారినది. అనువాదకుడు ఆ మాటనే యుంచి దాని మైల వదలించునో, వేరుమాట కల్పించి తప్పించుకొనునో చూడవలెను. నన్నడిగినచో ఆ మాటనే యుంచుమందును.